ఫ్రెంచా, స్వీడిషా? తెలుగు నోటితో మొదలుపెట్టేవారికి తొమ్మిది మెట్లు

గజపతినగరంలో డిగ్రీ చదివేవారికీ, విజయనగరం వెళ్ళి ఇంజనీరింగు చేసేవారికీ పైదేశపు చదువు ఇప్పుడు అందని సంగతి కాదు. ఒకరు స్వీడన్‌లో ఎమ్మెస్ గురించి ఆరా తీస్తారు. ఇంకొకరికి ఫ్రాన్స్ మీద మనసు. మరొకరు, ఫ్రెంచి వస్తే కెనడాకు దారి సులువట, నిజమేనా అని అడుగుతారు. అందరి ప్రశ్నా చివరికి ఒకటే: ఏ భాష పట్టుకోవాలి, ఎలా మొదలుపెట్టాలి?

ఈ రెండు భాషలనూ పోల్చి చెప్పే పుస్తకాలు, వీడియోలు చాలానే దొరుకుతాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లిషు మాతృభాషగా పుట్టినవారి కోసం తయారైనవి. వాళ్ళకు నోరు తిరగని శబ్దాలు కొన్ని మనకు పుట్టుకతోనే వచ్చు. వాళ్ళు బెదిరే క్రియారూపాల వంటివి మనం రోజూ వాడుతూనే ఉంటాం. మనకు అడ్డొచ్చేవి వేరే ఉన్నాయి, వాటి గురించి ఆ పుస్తకాలు చెప్పవు. అందుకే ఇక్కడ రెండు భాషలనూ తెలుగు వైపు నుంచి చూద్దాం. భాషను ఎంచుకునేటప్పుడు మీ అవసరాన్ని అడగండి, నేర్చుకునేటప్పుడు మీ తెలుగును వాడుకోండి. ఈ వ్యాసమంతా ఆ రెండు మాటల చుట్టూనే నడుస్తుంది.

కావలసినవి ఎక్కువేమీ లేవు. ఇంటర్నెట్టు ఉన్న ఫోను, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, రెండు వందల పేజీల నోటుబుక్కు, రోజుకు ముప్పావుగంట తీరిక. విదేశీ మాటలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. అరసున్న (ఁ) ఉన్నచోట అచ్చును ముక్కుతో పలకాలి. ఇవన్నీ దగ్గరి ఉచ్చారణలు మాత్రమే, అసలు పలుకును చెవితో విని సరిచేసుకోవాలి.

మెట్టు 1: ఎందుకు నేర్చుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి

నోటుబుక్కు మొదటి పేజీలో ఇలా మొదలుపెట్టండి: "నేను ఈ భాషను ఫలానా చోట, ఫలానా పనికి వాడతాను." ఈ వాక్యం పూర్తికాకపోతే ఏ భాషా మూడో నెల దాటదు. మన ప్రాంతపు పిల్లలకు ఎదురయ్యే సందర్భాలు ఇవి.

*కెనడా వెళ్ళాలనుకుంటే ఫ్రెంచి.* 2023 నుంచి కెనడా తన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస పద్ధతిలో ఫ్రెంచి వచ్చినవారిని ప్రత్యేక వర్గంగా పిలుస్తోంది. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం అనే నాలుగింటిలోనూ అక్కడి కొలమానం ప్రకారం 7వ స్థాయి రావాలి. ఇది చిన్న లక్ష్యం కాదు, ఎ1, ఎ2, బి1, బి2 అని పైకి సాగే ఐరోపా కొలతలో దాదాపు బి2. మూడు నెలల్లో తెప్పిస్తామనే ప్రకటనలను నమ్మకండి.

*ఫ్రాన్స్‌లో చదవాలనుకుంటే* కోర్సు ఏ భాషలో నడుస్తుందో ముందు చూడండి. ఇంగ్లిషులో నడిచే మాస్టర్స్ కోర్సులు చాలా ఉన్నాయి. ఫ్రెంచిలో నడిచేవాటికి సాధారణంగా బి2 అడుగుతారు. 2030 నాటికి 30,000 మంది భారతీయ విద్యార్థులను రప్పించుకోవాలని ఫ్రాన్స్ ప్రకటించింది. సీట్లు, ఫీజులు, వీసా వివరాలన్నిటికీ ఆ దేశపు అధికారిక సంస్థ క్యాంపస్ ఫ్రాన్స్.

*స్వీడన్‌లో చదవాలనుకుంటే* ఇంగ్లిషులో నడిచే కోర్సుల సీటుకు ఇంగ్లిషు చాలు. కార్ల్స్‌క్రూనాలోని బ్లెకింగే సాంకేతిక విద్యాసంస్థ హైదరాబాదు జేఎన్‌టీయూతో కలిసి జంట డిగ్రీ కోర్సు నడిపింది. తెలుగు ఇంజనీర్లకు స్వీడన్ పేరు పరిచయం కావడానికి అదొక కారణం. 2011 వరకు అక్కడ చదువు ఉచితం, ఆ ఏడాది నుంచి ఐరోపా బయటివారు ఫీజు కట్టాలి. సీటు ఇంగ్లిషుతో వచ్చినా, చదువు అయ్యాక చిన్న కంపెనీలో ఉద్యోగానికీ, ఆసుపత్రిలోనో బడిలోనో పనికీ, ఇరుగుపొరుగు స్నేహానికీ స్వీడిష్ కావాలి.

*ఇక్కడే ఉండి ఉద్యోగం చేయాలనుకుంటే* ఫ్రెంచిదే పైచేయి. అనువాదం, కస్టమర్ సేవ, బడుల్లో బోధన వంటి పనులు హైదరాబాదు, బెంగళూరుల్లో దొరుకుతాయి. సీబీఎస్ఈ బడుల్లో ఫ్రెంచి ఒక పాఠ్యాంశం. స్వీడిష్‌కు ఇక్కడ ఆ స్థాయి గిరాకీ లేదు.

*చరిత్ర ఇష్టమైతే* మన నేల మీదే ఒక కారణం ఉంది. గజపతినగరం దాటి రాయగడ లైనులో ముందుకు పోతే బొబ్బిలి. 1757 జనవరిలో ఆ కోటను ముట్టడించిన సైన్యానికి నాయకుడు ఫ్రెంచి సేనాని బుస్సీ, అతని వెంట విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు. మరుసటి ఏడాది చివర చందుర్తి దగ్గర జరిగిన యుద్ధంతో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేయి జారడం మొదలైంది. గోదావరి ఒడ్డున యానాం మాత్రం 1954 దాకా వారి ఏలుబడిలోనే ఉంది. ఆ రెండు వందల ఏళ్ళ కంపెనీ ఉత్తరాలు, పాలనా కాగితాలు ఫ్రెంచిలో ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో వలసల కాలపు దస్తావేజులకు ప్రత్యేకంగా ఒక జాతీయ భాండాగారమే ఉంది. బొబ్బిలి కథను బుర్రకథల్లో, సినిమాల్లో విన్న మన పిల్లలు రెండోవైపు కాగితాలను కూడా స్వయంగా చదవగలగాలి. ఆ పని చేయగలవారు ఈ ప్రాంతం నుంచే రావాలని నా కోరిక.

మెట్టు 2: రెండు భాషలనూ చెరొక వారం వినండి

నిర్ణయానికి ముందు రెండింటి రుచీ చూడాలి. మొదటి వారం ఫ్రెంచి, రెండో వారం స్వీడిష్. విజయనగరం కాలేజీకి బస్సులోనో, రాయగడ లైను రైల్లోనో వెళ్ళివచ్చేవారికి ఆ ప్రయాణమే తరగతి గది.

ఫ్రెంచికి: ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్.ఎఫ్.ఐ. నేర్చుకునేవారి కోసం తేలికైన ఫ్రెంచిలో వార్తలు ఇస్తుంది. టీవీ5మోండ్ సంస్థ చిన్న వీడియోలతో స్థాయిల వారీగా పాఠాలు పెడుతుంది.

స్వీడిష్‌కు: స్వీడన్ ప్రభుత్వ రేడియోలో తేలిక స్వీడిష్ వార్తలు ఉంటాయి. "ఓత్తా సీదోర్" అనే పత్రిక తేలిక మాటలతో వార్తలు రాస్తుంది.

అర్థం కావాలని పట్టుబట్టకండి. మాట ఎక్కడ ఆగుతోంది, గొంతు ఎక్కడ లేస్తోంది, ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది అన్నవే గమనించండి. రోజూ విన్న పది మాటలను తెలుగు లిపిలో రాసుకోండి. వారం చివర ఏ భాషను ఇంకో పది నిమిషాలు వినాలనిపించిందో గుర్తు పెట్టుకోండి. ఆ ఇష్టం కూడా లెక్కలోకి వస్తుంది.

మెట్టు 3: మీ నోటితో కొలవండి

తెలుగువారికి అన్నిటికంటే ఎక్కువ లాభం ఉచ్చారణలోనే, అందుకే ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం.

*ఫ్రెంచిలో మనకు కలిసొచ్చేవి.* ఫ్రెంచి వారి త, ద మన త, ద లాంటివే, నాలుక పళ్ళను తాకుతుంది. ఇంగ్లిషు అలవాటుతో ట, డ పలికితే చెడుతుంది. "తాబ్ల్" అంటే బల్ల, దాన్ని "టాబ్ల్" అనకూడదు. ప, త, క లను ఊపిరి వదలకుండా పలకడం కూడా మనకు అలవాటే. ఇక ముక్కు అచ్చులు: "బోఁ" అంటే మంచిది, "బాఁ" అంటే కూర్చునే బల్ల, "బ్యాఁ" అంటే స్నానం. ఇంగ్లిషువారు ఇక్కడ చివర న్ చేరుస్తారు. మనం మాటల్లో "వస్తాం", "చేస్తాం" అనేటప్పుడు చివరి సున్న పెదవులు పూర్తిగా మూయకుండానే ముక్కులోకి జారుతుంది. ఆ జారుడును గుర్తుపట్టి అచ్చు మీదికి తెచ్చుకుంటే సగం పని అయినట్టే.

*ఫ్రెంచిలో మనకు కష్టమయ్యేవి.* జ దగ్గర రెండు శబ్దాలున్నాయి. "బోఁజూర్" (నమస్కారం) లోది ఒకటి, "లేజమీ" (స్నేహితులు) లోది ఇంకొకటి. రెండూ మన జ కంటే మెత్తగా, గాలి ఆగకుండా వస్తాయి. మొదటిదానికి ష అంటూ గొంతులో నాదం కలపండి, రెండోదానికి స అంటూ నాదం కలపండి. ఫ్రెంచి ర గొంతు వెనక నుంచి వస్తుంది. ఇది కుదరడానికి వారాలు పడుతుంది, అంతవరకు నాలుక కొసతో ర పలికినా అర్థం చేసుకుంటారు.

*స్వీడిష్‌లో మనకు కలిసొచ్చేవి.* మొదటిది, మూర్ధన్యాలు. స్వీడిష్‌లో ర తర్వాత త, ద, న, ల, స వస్తే రెండూ కలిసి ట, డ, ణ, ళ, ష అయిపోతాయి. బిడ్డను "బాణ్" అంటారు, బల్లను "బూడ్" అంటారు. ఐరోపా విద్యార్థులు ఈ ణ కోసం నాలుక మడిచి తంటాలు పడతారు, మన బళ్ళో ఒకటో తరగతి పిల్లకు అది వచ్చు. దక్షిణాన స్కోనె ప్రాంతంలో ర గొంతు నుంచి వస్తుంది కాబట్టి అక్కడ ఈ మార్పు ఉండదు. రెండోది, హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు. "తాక్" అంటే ఇంటి కప్పు, "తక్క్" అంటే కృతజ్ఞతలు. "గ్లాస్" అంటే గాజు, "గ్లస్స్" అంటే ఐస్‌క్రీం. అచ్చు పొడుగైతే హల్లు పొట్టి, హల్లు పొడుగైతే అచ్చు పొట్టి. గుణింతం దిద్దినవారికి ఇది చెప్పి నేర్పనక్కరలేదు. మూడోది, ఫ్రెంచిలో ఇబ్బంది పెట్టే మెత్తని జ లు స్వీడిష్‌లో లేనే లేవు.

*స్వీడిష్‌లో మనకు కష్టమయ్యేవి.* ఏడు అంకె పేరు మొదట్లో ఒక ఊదుడు శబ్దం వస్తుంది. అది హ, ష, ఫ మూడూ కలిసినట్టు ఉంటుంది, వింటేనే తెలుస్తుంది. ఇంకొకటి స్వరం. "అందెన్" అనే మాటను ఒక స్వరంలో అంటే బాతు, ఇంకో స్వరంలో అంటే ఆత్మ. తెలుగులో స్వరంతో మాట అర్థం మారదు కాబట్టి దీనికి చెవిని కొత్తగా తయారుచేసుకోవాలి. పొరపాటు పడినా సందర్భం కాపాడుతుంది. ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడేవారిలో ఎక్కువమంది ఈ స్వరభేదం లేకుండానే మాట్లాడతారు.

*రెండింటిలోనూ సాధన చేయవలసినవి.* నాలుకను "ఈ" పలికే చోటే ఉంచి పెదవులను "ఊ" కోసం చుట్టినట్టు చుట్టండి. ఆ కొత్త అచ్చు రెండు భాషలకూ అవసరం. అలాగే మనం ప్రతి మాట చివర అచ్చు చేర్చే అలవాటు మానుకోవాలి. బస్సు, కారు, రైలు అన్నట్టు "తాబ్లు", "తక్కు" అనకూడదు. హల్లు దగ్గర ఆగిపోవాలి.

మెట్టు 4: రాతను చూసి బెదరకండి

తెలుగులో రాసినట్టే చదువుతాం. ఆ అలవాటుకు స్వీడిష్ దగ్గర. ఇంగ్లిషు 26 అక్షరాలకు తోడు మూడు అచ్చులు ఎక్కువ, మొత్తం 29. కొన్ని నియమాలు నేర్చుకుంటే ఎక్కువ మాటలను చూడగానే చదవగలరు.

ఫ్రెంచిలో మాట చివరి హల్లులు చాలాసార్లు పలకవు. "నీళ్ళు" అనే మాటకు మూడక్షరాలు రాసి ఒక్క "ఓ" అంటారు. "నేను మాట్లాడతాను", "నువ్వు మాట్లాడతావు", "వాళ్ళు మాట్లాడతారు" అనే మూడు చోట్లా క్రియను మూడు రకాలుగా రాస్తారు, పలకడం మాత్రం ఒక్కటే: "పార్ల్". దీనికి మందు ఒకటే. ముందు వినాలి, తర్వాత రాత చూడాలి. మాటను కళ్ళతో మొదట చూసినవారి నోట్లో తప్పు ఉచ్చారణ పాతుకుపోతుంది.

ఫ్రెంచి మాటలు కలిసేచోట మనకు సంధి పాఠం గుర్తుకొస్తుంది. "లే" తర్వాత "అమీ" వస్తే "లేజమీ", అంటే స్నేహితులు. "వూ" తర్వాత "అవే" వస్తే "వూజవే", అంటే మీకు ఉంది. "జ" తర్వాత "ఎమ్" వస్తే మొదటి అచ్చు లోపించి "జెమ్", అంటే నాకు ఇష్టం. ఉత్వ సంధిలో పూర్వపదం చివరి అచ్చు పోయినట్టే ఇదీ. ఒక్కో సంధికి పది ఉదాహరణలు నోటుబుక్కులో రాసుకోండి.

మెట్టు 5: వ్యాకరణాన్ని తెలుగు పక్కన పెట్టి చూడండి

*క్రియ.* స్వీడిష్‌లో క్రియ మనిషిని బట్టి మారదు. "యాగ్ తాలార్", "దూ తాలార్", "వీ తాలార్": నేను, నువ్వు, మేము, అందరికీ అదే రూపం. ఫ్రెంచిలో మారుతుంది. "ఉండు" క్రియ ఇలా నడుస్తుంది: జ సుయి, తూ ఎ, ఇల్ ఎ, నూ సొమ్, వూజెత్, ఇల్ సోఁ. ఇంగ్లిషువారికి ఇది పెద్ద బరువు. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు అని మార్చి మాట్లాడే మనకు ఆలోచన కొత్తది కాదు, రూపాలు కంఠతా పట్టడమే పని.

*లింగం.* ఫ్రెంచిలో ప్రతి వస్తువూ పురుషలింగమో స్త్రీలింగమో. పుస్తకం "ల లివ్ర్", పురుషుడు. బల్ల "లా తాబ్ల్", స్త్రీ. స్వీడిష్‌లో కూడా రెండు వర్గాలున్నాయి, "ఎన్", "ఎత్". నాలుగింట మూడు వంతుల మాటలు "ఎన్" వర్గానివి. ఏ భాషైనా మాటను ఒంటరిగా నేర్చుకోకండి, ముందున్న గుర్తుతో కలిపి నేర్చుకోండి.

*చివర చేరే ప్రత్యయం.* స్వీడిష్‌లో "బూక్" అంటే పుస్తకం, "బూకెన్" అంటే ఆ పుస్తకం. గుర్తు మాట చివర అంటుకుంటుంది. విభక్తులు చివర చేర్చే మనకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. సమాసాలూ అంతే. వంట, ఇల్లు కలిసి వంటిల్లు అయినట్టు, "బాణ్", "బూక్" కలిసి "బాణ్‌బూక్", పిల్లల పుస్తకం. పొడవాటి స్వీడిష్ మాట కనబడితే విగ్రహవాక్యం చెప్పుకోండి, అర్థం తెలిసిపోతుంది.

*వాక్యక్రమం.* మనకు క్రియ చివర వస్తుంది. ఈ రెండు భాషల్లోనూ ముందుకు వస్తుంది. స్వీడిష్‌లో విషయం చెప్పే మామూలు వాక్యంలో క్రియది రెండో స్థానం. "ఇదాగ్ గోర్ యాగ్": ఈరోజు, వెళ్తున్నాను, నేను. ఫ్రెంచిలో ఒక చోట మాత్రం మన క్రమమే దొరుకుతుంది. "జ ల వువా": నేను, అతణ్ణి, చూస్తున్నాను. నన్ను, నిన్ను, అతణ్ణి వంటి చిన్న మాటలు క్రియకు ముందే వస్తాయి.

*అంకెలు.* స్వీడిష్ అంకెలు తిన్నగా నడుస్తాయి. ఫ్రెంచిలో 70 అంటే అరవై పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 97 అంటే నాలుగు ఇరవైలు, పది, ఏడు. ఫోన్ నంబర్లు చెప్పడం సాధన చేయండి.

అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు భాషలు నేర్పిన అనుభవంతో స్వీడిష్‌కు సుమారు 24 వారాలు, ఫ్రెంచికి సుమారు 30 వారాలు పూర్తికాలపు తరగతులు పడతాయని అంచనా ఇచ్చింది. అది ఇంగ్లిషువారి లెక్క. మనకు అంతకంటే ఎక్కువ కాలమే అనుకోండి. తేడా మాత్రం కొన్ని వారాలదే. అంత చిన్న తేడా కోసం అవసరం లేని భాషను ఎంచుకోవద్దు.

మెట్టు 6: పిలుపు, మర్యాద నేర్చుకోండి

ఫ్రెంచిలో "తూ" అంటే నువ్వు, "వూ" అంటే మీరు. ఒకరికి గౌరవంగానూ, చాలామందికి బహువచనంగానూ "వూ" పనికొస్తుంది, అచ్చంగా మన "మీరు" లాగే. కొత్తవారితో, పెద్దవారితో, దుకాణంలో, ఆఫీసులో "వూ" వాడాలి. దుకాణంలోకి అడుగుపెట్టగానే "బోఁజూర్" చెప్పాలి, చెప్పకుండా నేరుగా సరుకు అడిగితే మర్యాద తప్పినట్టు.

స్వీడన్‌లో 1960ల చివరి నుంచి అందరికీ "దూ", అంటే నువ్వే. 1967లో వైద్యశాఖ అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెద్ తన ఉద్యోగులందరినీ "దూ" అని పిలుస్తానని చెప్పడం ఆ మార్పుకు గుర్తుగా నిలిచింది. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరును కూడా పేరు పెట్టి పిలుస్తారు. మాస్టారు కనబడితే లేచి నిలబడే మన పిల్లలకు ఇది మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. అక్కడ అది అగౌరవం కాదని ముందే తెలిసి వెళ్తే మంచిది. గౌరవం చూపడానికి వాళ్ళు ఎంచుకున్న దారి వేరు: సమయానికి రావడం, ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా ఆగడం, ప్రతి చిన్న సాయానికీ "తక్క్" చెప్పడం.

మెట్టు 7: గురువును, పుస్తకాన్ని, పరీక్షను ఎంచుకోండి

*ఫ్రెంచికి:* మనకు దగ్గరలో విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విదేశీ భాషల విభాగం ఉంది. హైదరాబాదులో అలియాన్స్ ఫ్రాన్సేజ్ తరగతులు నడుపుతుంది, ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో డిగ్రీ స్థాయి చదువు దొరుకుతుంది. పుస్తకాల్లో "ఆల్తెర్ ఎగో", "ఎదితో", "కాస్మోపొలిత్" ఎక్కువగా వాడతారు. పరీక్ష "డెల్ఫ్": ఎ1 నుంచి బి2 దాకా నాలుగు స్థాయిలు. నాలుగు భాగాలకు 25 చొప్పున 100 మార్కులు, 50 వస్తే ఉత్తీర్ణత, అయితే ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. ఆ సర్టిఫికెట్టుకు గడువు లేదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ద్వారా కెనడా వెళ్ళేవారికి డెల్ఫ్ పనికిరాదు, "టెఫ్ కెనడా" గానీ "టీసీఎఫ్ కెనడా" గానీ రాయాలి. వాటి ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది. అందుకే దరఖాస్తు కాలాన్ని లెక్కేసుకుని రాయండి.

*స్వీడిష్‌కు:* మన జిల్లాలో గురువు దొరకడం కష్టం, ఆన్‌లైన్ తప్పదు. స్వీడిష్ ఇన్‌స్టిట్యూట్ ఉచిత ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసింది. ఫోల్క్ యూనివర్సితేతెత్ అనే సంస్థ ఫీజు తీసుకుని ఆన్‌లైన్ తరగతులు చెబుతుంది. పుస్తకాల్లో "రీవ్‌స్టార్ట్" పేరున్నది. పరీక్షలు రెండు: సాధారణ స్థాయిలకు "స్వెడెక్స్", స్వీడిష్‌లో నడిచే విశ్వవిద్యాలయ కోర్సుల కోసం "టిసస్". అక్కడికి వెళ్ళి ఏడాదికి పైగా ఉండే అనుమతితో వ్యక్తిగత గుర్తింపు సంఖ్య పొందినవారికి పురపాలక సంఘాలు స్వీడిష్‌ను ఉచితంగా నేర్పుతాయి.

ఈ తేడా మీ ప్రణాళికను మార్చాలి. స్వీడన్ వెళ్ళేవారు ఇంటి దగ్గర ఎ1 పూర్తిచేసుకుంటే చాలు, మిగతాది అక్కడ సాగుతుంది. ఫ్రెంచి చదువుకైనా కెనడాకైనా బి2 దాకా ఇక్కడే కష్టపడాలి, దానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పెట్టుకోండి. ఫీజు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి: మాట్లాడించే సమయం ఎంత? తరగతిలో ఎంతమంది? ఉచిత నమూనా తరగతి ఇవ్వని చోట ఏడాది ఫీజు ఒక్కసారే కట్టకండి.

మెట్టు 8: మొదటి పన్నెండు వారాలు ఇలా నడపండి

రోజుకు ముప్పావుగంటను మూడు పావుగంటలు చేయండి: వినడం, పలకడం, రాయడం. ఆదివారం కొత్త పాఠం వద్దు, వారమంతా నేర్చినది మళ్ళీ చూసుకోండి.

1, 2 వారాలు: శబ్దాలు మాత్రమే. మూడో మెట్టులోని జంట మాటలు ఫోనులో రికార్డు చేసి, అసలు ఉచ్చారణతో పోల్చుకోండి.

3, 4 వారాలు: పలకరింపులు, పేరు, ఊరు, కుటుంబం, అంకెలు. మీ ఊరి గురించి అయిదు వాక్యాలు చూడకుండా చెప్పగలగాలి. గజపతినగరం ఎక్కడుంది, పొలాల్లో ఏం పండుతుంది, సంత ఎప్పుడు అన్నవే మీ మొదటి పాఠం కావాలి. పుస్తకంలోని పారిస్, స్టాక్‌హోమ్ వీధుల కంటే ఇవే త్వరగా నోటికొస్తాయి.

5 నుంచి 8 వారాలు: ఎక్కువగా వాడే ముప్పై క్రియలు, వర్తమానకాలం, ప్రశ్నలు, కాదనడం. రోజూ మూడు వాక్యాల దినచర్య రాయండి.

9 నుంచి 12 వారాలు: భూతకాలం, చిన్న సంభాషణలు, తేలిక వార్తలు. వారానికి ఒకసారి ఆన్‌లైన్లో మనిషితో అరగంట మాట్లాడండి.

ఇంగ్లిషు సాయం కూడా తీసుకోండి. రెస్టారెంటు, మెనూ, బ్యూరో, గ్యారేజీ మనకు ఇంగ్లిషు ద్వారా వచ్చిన ఫ్రెంచి మాటలు. బ్యాంకు గోడ మీద చూసే "అంబుడ్స్‌మన్" స్వీడిష్ మాట, 1809లో స్వీడన్ ఏర్పాటుచేసిన పదవి పేరు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి మోజులో ఉన్న స్వీడన్ చాలా మాటలు అరువు తెచ్చుకుంది, గొడుగును ఇప్పటికీ "పరాప్లీ" అంటారు. ఒక భాష బాగా వచ్చాక రెండోది ఎత్తుకుంటే ఇవన్నీ పనికొస్తాయి. ఒకేసారి రెండూ మొదలుపెట్టడం మాత్రం వద్దు.

మెట్టు 9: తప్పులతోనే మాట్లాడండి, యాసతోనే మాట్లాడండి

భాష నేర్చే పద్ధతికి మనవారే ఒకరు దారి చూపారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడు సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. అప్పటికి ఆ భాషకు చదివి నేర్చుకునే పుస్తకాలు లేవు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, పలికి, సరిచేసుకుని నేర్చుకున్నారు. తర్వాత ఆ భాషకు పుస్తకాలు ఆయనే తయారుచేశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు అచ్చయ్యాయి. రాసే తెలుగు మాట్లాడే తెలుగుకు దగ్గర కావాలని పోరాడింది కూడా ఆయనే. నోటితో మొదలుపెట్టి పుస్తకానికి చేరడం ఆయన చేసి చూపిన పద్ధతి. సాలూరు, పార్వతీపురం వైపు నేటికీ బడికి వెళ్ళని పెద్దవారు సంతలో తెలుగు, ఒడియా, కొండభాష మూడూ మాట్లాడి బేరం చేస్తారు. వాళ్ళెవరూ వ్యాకరణం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోలేదు.

మన ప్రాంతపు పిల్లలు చాలామంది తరగతిలో నోరు విప్పరు. యాసను సినిమాల్లో వెక్కిరించగా విని పెరిగినవారికి కొత్త భాషలో గొంతెత్తడం ఇంకా భయం. వాళ్ళతో గట్టిగా చెప్పాలని ఉంది: కెనడాలోని కెబెక్ ఫ్రెంచి పారిస్ ఫ్రెంచిలా ఉండదు, స్కోనె స్వీడిష్ స్టాక్‌హోమ్ స్వీడిష్‌లా ఉండదు. లక్షలమంది తమ యాసతోనే చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, కవిత్వం రాస్తున్నారు. ఎదుటివారికి అర్థమయ్యేలా పలకడమే మీ బాధ్యత.

పన్నెండో వారం చివర నోటుబుక్కు మొదటి పేజీ తిప్పి మీ వాక్యం మళ్ళీ చదవండి. కెనడా, ఫ్రాన్స్, ఇక్కడి ఉద్యోగం, పాత దస్తావేజులు, వీటిలో ఏది రాసి ఉన్నా ఫ్రెంచిలోనే కొనసాగండి, వెంటనే డెల్ఫ్ ఎ1కు తేదీ చూసుకోండి. స్వీడన్ అని రాసి ఉంటే స్వీడిష్‌లో ఎ1 ముగించి, మిగిలిన సమయాన్ని సీటు దరఖాస్తుకు పెట్టండి. ఆ వాక్యం మీకు ఇక నిజం కాదనిపిస్తే సిగ్గుపడకుండా కొట్టేసి కొత్తది రాయండి. పన్నెండు వారాల్లో తయారైన చెవి, నోరు వృథా కావు, తర్వాత ఏ భాష ఎత్తుకున్నా ముందుగా పనికొచ్చేవి అవే.